గుంపు చేయు క్రియకు పేరు కుదిరిన వైనం

వ్యాకరణశాస్త్రంలో సగం పని గుంపులు కట్టడమే. పదాంతంలో ద్రుతం గలవన్నీ ద్రుతప్రకృతికాలని ఒక గుంపు, తక్కినవి కళలని మరొక గుంపు. పాణిని సర్వాది గణమన్నాడు. గుంపులో మొదటి పదానికి ‘ఆది’ చేర్చితే అదే గుంపు మొత్తానికి పేరైపోయింది. ముప్పైయేళ్లకు పైగా ఈ గుంపులను పిల్లలచేత వల్లె వేయించినవాణ్ణి. గణకయంత్రాల భాషలలోనూ ఇదే పని ఉన్నదనీ, ఒక భాషలో దానికి పేరు కుదర్చడానికి పెద్దలు రెండేళ్లు తర్జనభర్జన పడ్డారనీ మా మేనల్లుడు చెప్పగా విని ఊరుకోలేకపోయాను. విషయం సాంకేతికమే గాని రసహీనం కాదు. చదువరులు కొంచెం ఓపిక పట్టవలసిందిగా మనవి.

పని మాత్రం సులభం. వేయి సామెతల జాబితా ఉన్నదనుకోండి. ఒక్కొక్కదాని తొలి అక్షరం చూసి, ‘అ’తో మొదలయ్యేవన్నీ ఒకచోట, ‘ఆ’తో మొదలయ్యేవన్నీ ఒకచోట చేర్చాలి. 1970లలో పుట్టిన ఎస్‌క్యూఎల్‌లో ఈ పనికి ‘గ్రూప్ బై’ అనే మాట ఉన్నది. తరువాత వచ్చిన భాషలనేకం ఆ మాటనే స్వీకరించాయి. మనం జాలపుటలు చూసే ప్రతి బ్రౌజరులోనూ ఉండే జావాస్క్రిప్టు అనే భాషలో మాత్రం చాలాకాలం అది లేదు. కావలసినవారు లైబ్రరీలను, అనగా ఇతరులు ముందే రాసిపెట్టిన ప్రోగ్రాముల మూటలను, తెచ్చుకునేవారు.

ఈ లైబ్రరీలలో రెండు తెగలు. లోడాష్ వంటివి ‘గ్రూప్‌బై’ని తమ పేరు కిందనే ఉంచుకున్నాయి, సొంత పుస్తకంలో రాసుకున్న అర్థం వంటిది, ఎవరికీ అడ్డు కాదు. షుగర్ అనే లైబ్రరీ పాత కూర్పులు అలా కాదు. జావాస్క్రిప్టులోని జాబితా అనే జాతికే ఆ క్రియను అంటగట్టాయి. అందరూ చూసే నిఘంటువు అంచున తన అర్థం రాసిపెట్టడమన్న మాట. పైగా ఒక నియమం పెట్టుకున్నాయి: ఆ పేరుతో ముందే ఏదైనా ఉంటే తమది చేర్చవు, స్థానం ఖాళీగా ఉంటేనే చేరుస్తాయి. వినడానికి మర్యాదగానే ఉన్నది. చిక్కంతా అక్కడే వచ్చింది.

ఈ భాషకు సూత్రకారులు ఎక్మా అనే సంస్థలోని టీసీ39 సంఘంవారు. 2021లో జాబితాలకు ‘గ్రూప్‌బై’ అనే క్రియను చేర్చాలని చాలాదూరం వెళ్లారు. తీరా పరీక్షిస్తే, షుగర్ పాత కూర్పులను వాడుతున్న జాలస్థలాలు సుమారు 660 బయటపడ్డాయి. భాషలోకి ఆ పేరు వస్తే అక్కడ షుగర్ తప్పుకుంటుంది. కొత్త క్రియ పనిచేసే తీరు వేరు గనుక ఆ పుటలు చెడతాయి. సరేనని ‘గ్రూప్’ అని కుదించారు. దానికీ అడ్డు వచ్చింది. కొందరు జాబితాలను పేర్ల సంచులుగా వాడుకొని, ‘గ్రూప్ అనేది ఇందులో ఉన్నదా?’ అని అడిగే ప్రోగ్రాములు రాసి ఉన్నారు. భాషే ఆ పేరును చేర్చితే, లేనిచోట కూడా ‘ఉన్నది’ అనే జవాబు వస్తుంది. ఇలాంటి చిక్కులను ముందుగా పసిగట్టడం కష్టమని తలచి, జాబితాకు మరో క్రియాపదం అంటగట్టే ప్రయత్నాన్నే విరమించారు. చివరకు ‘ఆబ్జెక్ట్.గ్రూప్‌బై’, ‘మ్యాప్.గ్రూప్‌బై’ అని వేరొక స్థానంలో నిలిపారు. 2023లో బ్రౌజర్లలోకి రావడం మొదలై, 2024 నాటి ప్రమాణగ్రంథంలో చేరింది.

ఇక్కడ పండితుడికి నచ్చే సంగతి ఒకటున్నది. మొదటి పద్ధతిలో జాబితాయే కర్త. జాబితా తనను తాను ‘వర్గీకరించుకొనును’. రెండవ దానిలో జాబితా కర్మ అయి కూర్చున్నది; దానిని మరొకరు ‘వర్గీకరించును’. అనగా ‘కొను’ అనే ఆత్మార్థకం జారిపోయింది. దీనివల్ల నష్టం లేదనను. జాబితాను వడపోసి, క్రమంలో పెట్టి, గుంపులు చేసి, అంటూ గొలుసుగా సాగే వాక్యం మధ్యలో తెగి, మొదటికి వెళ్లి కొత్తగా ఎత్తుకోవలసి వస్తుంది. లాభమూ ఉన్నది. ఫలితం ఏ పాత్రలో వస్తుందో పేరే చెబుతున్నది. ఆబ్జెక్ట్ అయితే గుంపు పేర్లు అక్షరరూపంలోకి మారతాయి, 1 అనే అంకె, ‘1’ అనే అక్షరం ఒకటైపోతాయి. మ్యాప్ అయితే వాటిని వేరుగానే ఉంచుతుంది.

ఆ ఆబ్జెక్ట్‌ను కూడా వంశం లేకుండా పుట్టించారు. ఎందుకయ్యా అంటే, మామూలు వస్తువుకు పుట్టుకతో ‘కన్‌స్ట్రక్టర్’ వంటి పేర్లు కొన్ని వస్తాయి. ఆంగ్లపదాలను గుంపు చేసేవాడికి అదే మాట ఒక గుంపు పేరుగా తగిలితే, గుంపు ముందే ఉన్నదన్న భ్రమ కలుగుతుంది. వారసత్వమే లేకపోతే ఆ బాధ లేదు. పేరు విషయంలో దెబ్బ తిన్నవారు, ఫలితంలోని పేర్ల విషయంలోనూ జాగ్రత్త పడ్డారు.

ఇది మొదటిసారి కాదట. 2018లో ‘ఫ్లాటెన్’ అనే పేరు పెట్టబోతే, మూటూల్స్ అనే పాత లైబ్రరీ వాడిన పేరొందిన జాలస్థలం కనీసం ఒకటి చెడింది. సంఘంలో ఒకరు హాస్యానికి ‘స్మూష్’ అని పెడదామన్నారు. అది నిజమనుకొని లోకం గగ్గోలెత్తింది. కడకు ‘ఫ్లాట్’ అన్నారు. క్రియకు విశేషణం పేరు పెట్టడం నాకిప్పటికీ మింగుడు పడదు.

“మామయ్యా, పదేళ్లనాటి పాడుబడ్డ పుటల కోసం లోకమంతా వాక్యం తిప్పి రాయాలా? ఆ 660 మంది బాగుచేసుకోకూడదా? షుగర్ వాళ్లే 2016లో వచ్చిన రెండో కూర్పు నుంచి ఆ అలవాటు మానుకున్నారు, అడిగితే తప్ప జాబితాల మీద చేయి వేయరు” అన్నాడు మేనల్లుడు. న్యాయమైన మాటే. గిడుగువారి పక్షమా, జయంతి రామయ్యపంతులుగారి పక్షమా అని నన్నడిగితే సూటిగా జవాబు చెప్పలేను గాని, ఈ విషయంలో నేను సంఘంవారి పక్షం. కారణం సిద్ధాంతం కాదు, ఒక పుట.

నాతోపాటు పనిచేసిన ఒక పండితులు జీవితమంతా సామెతలు సేకరించారు. 2012లో వారి శిష్యుడొకడు వాటిని ఉచిత స్థలంలో జాలపుటగా పెట్టాడు. అక్షరం మీద నొక్కితే ఆ అక్షరపు సామెతలు వస్తాయి. 2016లో ఆయన కాలం చేశారు. పాస్‌వర్డు ఆయనతోనే పోయింది. ఆ శిష్యుడెక్కడున్నాడో తెలియదు. ఇక ఆ పుటను బాగుచేయగలవారు లేరు. “ఒరే, దాని లోపల ఏముందో చూడు” అన్నాను. మేనల్లుడు మూలం తెరిచి చూశాడు. షుగర్ పాత కూర్పే. ‘గ్రూప్‌బై’ ముందు సామెతల జాబితా, లోపల కొటేషన్లలో ‘అక్షరం’ అనే ఒక్క మాట. షుగర్ దానికి ఒప్పుకుంటుంది. భాషవారు తలపెట్టిన ‘గ్రూప్‌బై’ అయితే, మాట కాదు ఫంక్షను కావాలని అక్కడే ఆగిపోయేది. వాడు కాసేపు తెర వైపే చూస్తూ ఉండి, “దీన్ని మొత్తం దించి పెట్టుకుందాం మామయ్యా” అన్నాడు.

పెట్టుకున్నాం. అసలు పుట కూడా ఇప్పటికీ తెరుచుకుంటున్నది. సాధురేఫలో శకటరేఫను కలపడానికి ఆయన ఎన్నడూ ఒప్పుకోలేదు. ‘ఱ’ మీద నొక్కితే మూడే మూడు సామెతలు వస్తాయి, రాయిని ‘ఱాయి’ అని రాసినది వాటిలో మొదటిది.