మన మధ్య తిరుగాడేవి

ఫజ్ర్ వేళ వుజూ కోసం పెరటిలోని నీళ్ళ తొట్టి దగ్గరకు వెళ్ళేటప్పుడు మేము ఇప్పటికీ మెట్టు మీద అడుగు చూసుకొని వేస్తాము. పదకొండేళ్ళ పాటు ఆ మెట్టు మీద ఒక పిల్లి పడుకునేది. అది పోయిన తరువాత ఆ చోటు ఇంకొక పిల్లిది అయింది. చీకటిలో తొక్కుతామేమోనన్న భయంతో అలవాటైన జాగ్రత్త అది. ఇప్పుడు ఆ రెండూ లేవు. అలవాటు మాత్రం మిగిలింది.

రాజమహేంద్రవరంలో దాదాపు ముప్ఫై ఏళ్ళుగా మేము మదర్సా విద్యార్థులకు హదీసు బోధిస్తున్నాము. ఇంతటి వయస్సులో, ఇలాంటి వృత్తిలో ఉన్నవారు పిల్లుల కోసం కన్నీరు పెట్టవచ్చునా అని కొందరు మిత్రులు నవ్వుతూ అడిగారు. ఈ నాలుగు మాటలు వారికి సమాధానం కూడా కావచ్చు.

మొదటిది చుక్క. 2012 వర్షాకాలంలో మా విద్యార్థి ఒకడు, తొమ్మిదేళ్ళవాడు, కుర్తా ఒడిలో దానిని దాచుకొని తెచ్చాడు. ఎవరో మూడు కూనలను గోనెసంచిలో కట్టి కాలువ గట్టున వదిలి వెళ్ళారు. వాటిలో ప్రాణంతో ఉన్నది అదొక్కటే. అప్పటికి కళ్ళు కూడా తెరవలేదు. మా ఇంటివారు నీళ్ళు కలిపిన మేకపాలలో దూది వత్తి ముంచి రాత్రంతా దాని నోట పట్టారు. నుదుట నల్లని మచ్చ ఉన్నందున పిల్లలు దానికి చుక్క అని పేరు పెట్టారు.

పెద్దదైన తరువాత చుక్క సరిగ్గా మేము వుజూ చేసే వేళకే వచ్చి తొట్టిలో నీళ్ళు త్రాగేది. "హజ్రత్, ఈ నీరు పనికివస్తుందా?" అని పిల్లలు అడిగారు. ఆనాటి పాఠం మాకు పుస్తకం తెరవకుండానే దొరికింది. హజ్రత్ అబూ ఖతాదా (రజి) కోసం ఆయన కోడలు కబ్షా వుజూ నీరు ఉంచారు. ఒక పిల్లి వచ్చింది. అది త్రాగటానికి వీలుగా ఆయన పాత్రను వంచారు. కోడలు ఆశ్చర్యంగా చూడగా, పిల్లి అపరిశుద్ధమైనది కాదని, మన మధ్య తిరుగాడే వాటిలో అది ఒకటని దైవప్రవక్త (స) చెప్పినట్లు ఆయన తెలియజేశారు. ఇమామ్ అబూ హనీఫా, ఇమామ్ ముహమ్మద్ (రహ్మలై) గార్ల దృష్టిలో ఆ నీరు పరిశుద్ధమే గాని, వేరే నీరు ఉన్నప్పుడు వాడటం స్వల్పంగా అయిష్టకరం. ఇమామ్ అబూ యూసుఫ్ (రహ్మలై) ఆ అయిష్టత కూడా లేదన్నారు. పిల్లలు ఆ మస్అలాను ఎన్నడూ మరువలేదు. దానిని నేర్పినది మేము కాదు, చుక్క.

ఆ వేళల్లో మాకు హజ్రత్ అబ్దుర్రహ్మాన్ బిన్ సఖ్ర్ (రజి) జ్ఞాపకం వచ్చేవారు. కుటుంబపు గొర్రెలను మేపుతూ ఒక పిల్లికూనతో ఆడుకున్నందున ఆయనకు 'అబూ హురైరా' అన్న పేరు వచ్చింది. అత్యధిక హదీసులను మనకు అందించిన సహాబీని లోకమంతా ఒక పిల్లికూన పేరుతోనే గుర్తుంచుకుంది. దైవప్రవక్త (స) తన పిల్లి నిద్ర చెడకుండా చొక్కా చేయి కత్తిరించారన్న కథ ప్రచారంలో ఉన్నది గాని, ప్రామాణిక హదీసు గ్రంథాలలో దానికి ఆధారం లేదు. నిజమైనవే ఇన్ని ఉండగా కల్పితాలతో మనకు అవసరమేమి?

2022 జూలైలో గోదావరి పొంగింది. 1986 ఆగస్టులో ధవళేశ్వరం వద్ద 35 లక్షల క్యూసెక్కులు దాటిన వరదను చూసిన తరం మాది. ఈసారి 25 లక్షలు దాటింది. కోనసీమ లంకలు నీట మునిగాయి. మసీదు యువకులతో కలిసి అన్నం పొట్లాలు, త్రాగునీరు తీసుకొని నాటుపడవలో ఒక లంక గ్రామానికి వెళ్ళాము. ఒక వృద్ధురాలిని పడవ ఎక్కించబోతే ఆమె తన పాక చూరు వైపు చూపించారు. అక్కడ తడిసి ముద్దయిన బూడిదరంగు పిల్లి ఒకటి వెదురుబొంగును పట్టుకొని ఉన్నది.

"నన్నెక్కించుకుంటారు సరేనండి బాబూ, మరి దాని మాటేటండి?" అని అడిగారామె.

అది ఆమె పెంచిన పిల్లి కూడా కాదు, వాకిట తిరిగేదట. ప్రతి ప్రాణికి చేసిన మేలుకు పుణ్యం ఉన్నదన్న హదీసును మేము ఎన్ని తరగతులకు చదివించామో! ఆమె దానిని మా కళ్ళ ముందు ఆచరించి చూపించారు. పిల్లిని దించబోయిన మా మణికట్టు మీద అది గీసిన నాలుగు గీతలు ఈనాటికీ ఉన్నాయి. పునరావాస కేంద్రంలో దానిని ఉంచే వీలు లేకపోవటంతో మాతో తీసుకువచ్చాము. నీటి నుండి తీసినది కనుక 'మూసా' అందామన్నారు పిల్లలు. దైవప్రవక్త పేరు పిల్లికి తగదని వారించాము. చివరకు 'లంక' అన్న పేరు నిలిచింది.

చుక్క 2023లో వృద్ధాప్యంతో, ఆ మెట్టు మీదనే, నిద్రలో పోయింది. ఆ బాధలో ఒక నెమ్మది ఉన్నది. లంక విషయం అలా కాదు.

2024 షాబాన్ మాసం చివర సెలవులు ఇచ్చి, విద్యార్థులను బస్సులు ఎక్కించి, మదర్సా గదులన్నింటికీ మేమే తాళాలు వేశాము. బియ్యం బస్తాల గదికి కూడా వేశాము. బస్తాల వెనుక లంక పడుకుంటుందని మాకు తెలుసు. అయినా ఆనాడు లోపలికి తొంగి చూడలేదు. రెండు రోజులు కనబడకపోతే ఏటిగట్టు వైపు వెళ్ళి ఉంటుందనుకున్నాము. మూడవ రోజు మా ఇంటివారికి సన్నని మూలుగు వినిపించింది. తలుపు తీసేసరికి అది లేవలేకపోయింది. నీళ్ళు త్రాగింది, మా చేతిని నాకింది కూడా. కాని దాహం వలన మూత్రపిండాలు దెబ్బతిన్నాయని పశువైద్యులు చెప్పారు. రమజాను మొదటి వారంలో ప్రాణం విడిచింది.

పిల్లిని కట్టివేసి, తాను తిండి పెట్టక, దానిని స్వయంగా వెతుక్కోనీయక చంపిన కారణంగా నరకానికి పోయిన స్త్రీ గురించిన హదీసు బుఖారీ, ముస్లిం గ్రంథాలు రెండింటిలోనూ ఉన్నది. ఆ హదీసును మేము ప్రతి ఏటా బోధిస్తాము. ఆమె తెలిసి చేసినది, మేము మరచి చేశాము. మరపును, పొరపాటును అల్లాహ్ మన్నిస్తాడని కూడా మేమే బోధిస్తాము. ఆయన కారుణ్యం మీద మాకు నమ్మకం ఉన్నది. అయినా ఆ రమజాను రాత్రులలో చేతులెత్తినప్పుడల్లా ఆ తాళంచెవి బరువు మా అరచేతిలో తెలిసేది.

జామచెట్టు క్రింద, చుక్క ప్రక్కనే, గొయ్యి తీసి పూడ్చాము. మృతదేహాన్ని మట్టిలో ఎలా దాచాలో మనిషికి ఒక కాకి ద్వారా నేర్పబడిందని దివ్య ఖుర్ఆన్ మాయిదా సూరా చెబుతున్నది. జంతువు దగ్గర నేర్చుకున్నదానిని జంతువు కోసం చేయటంలో తప్పేమున్నది? నమాజు లేదు, కఫను లేదు, మెత్తని ఒండ్రుమట్టి మాత్రమే.

మనుమరాలు అడిగింది: "లంక స్వర్గానికి పోతుందా, నానాజీ?"

కొమ్ములు లేని మేకకు కొమ్ముల మేక నుండి కూడా ప్రళయదినాన న్యాయం ఇప్పించబడుతుందని సహీహ్ ముస్లింలో ఉన్నది. "లంక సంగతి అల్లాహ్‌కు తెలుసు తల్లీ. దానిని లెక్కలు అడగరు. అడిగేది మమ్మల్ని" అన్నాము. అది మా చేయి పట్టుకొని ఊరుకుంది.

దుఃఖం తగునా అన్న మిత్రులకు ఒక్క మాట. హజ్రత్ అనస్ (రజి) చిన్న తమ్ముడు అబూ ఉమైర్ పెంచుకున్న చిన్న పిట్ట చనిపోయింది. దిగులుగా ఉన్న ఆ బాలుణ్ణి చూసి దైవప్రవక్త (స) ఆ పిట్ట ఏమయిందని ఆప్యాయంగా పలకరించారు. పిట్టే కదా అని తీసిపారేయలేదు. ఇబ్నుల్ ఖాస్స్ అనే షాఫయీ పండితులు ఈ ఒక్క హదీసు నుండి అరవై ప్రయోజనాలను వెలికితీసి ప్రత్యేకంగా గ్రంథం రచించారు. మేము నేర్చుకున్నది ఒక్కటే. చిన్న ప్రాణి కోసం కలిగిన దుఃఖాన్ని కూడా ఆయన పలకరించారు. పలకరించదగినదే గనుక.

షవ్వాలులో మదర్సా తెరచిన నాడు ఒక క్రొత్త నియమం బోర్డు మీద వ్రాశాము. ఏ గదికి తాళం వేయాలన్నా ముందు ఇద్దరు విద్యార్థులు లోపలికి వెళ్ళి మూలమూలలా చూడాలి. ఇప్పుడు ప్రతి సాయంత్రం అస్ర్ తరువాత ఆ బియ్యం గది నుండి ఒక పసి గొంతు వినిపిస్తుంది: "ఎవరైనా ఉన్నారా?"

సమాధానం లేదని నిశ్చయించుకున్న తరువాతనే మేము తాళం వేస్తాము.