ఎవరి తీరికతో?

"స్వచ్ఛందంగా చేద్దాం సార్" అని ఎవరన్నా నాకు ముందొచ్చే ప్రశ్న ఒకటే: ఎవరి తీరికతో?

స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌ను ఎవరైనా వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు. దాన్ని తెలుగులోకి తెచ్చేందుకు చెమటోడ్చినవాళ్లున్నారు. 2003లో తెలుగు వికీపీడియా మొదలైంది, 2005లో స్వేచ్ఛ సంస్థ. లిబ్రేఆఫీస్ మెనూలు తెలుగులో వచ్చాయి. వాళ్ల శ్రమకు దండం. కానీ మెనూలో పేరు తెలుగులో కనబడితే సరిపోదు. ఏది ఎప్పుడు, ఎందుకు నొక్కాలో చెప్పే పుస్తకం కావాలి.

పుస్తకం లేని చోట మనిషిని అడగాలి. అడగడం అందరికీ ఒకటే కాదు. ఇంట్లో ఇంజినీరున్న పిల్లాడు ఫోన్ చేసి అడుగుతాడు. పటాన్‌చెరు, పాశమైలారం కంపెనీల్లో షిఫ్టులు చేసేవాళ్ల పిల్లలు చెయ్యెత్తితే "ఇంత కూడా తెల్వదా?" అనే చూపు ఎదురొస్తది. కంది ఐఐటీ ముందు నుంచే మా పిల్లల బస్సు పోతది. ఆ గేటుకూ వాళ్లకూ మధ్య దూరం కిలోమీటర్లలో లేదు. చదువును కొన్ని ఇళ్ల మధ్యే నోటి నుంచి చెవికి తిప్పుకున్న దేశం ఇది. ఎవరి దయా లేకుండా నేర్చుకునే హక్కు మాన్యువల్‌లో ఉంది.

అందుకే సంగారెడ్డిలో కొందరు విద్యార్థులతో లిబ్రేఆఫీస్ రైటర్‌కు ఒక తెలుగు చేతిపుస్తకం మొదలుపెట్టాం. మొదటి ఆదివారం పదకొండు మంది వచ్చారు. మూడో ఆదివారానికి నలుగురు మిగిలారు. "శ్రద్ధ లేదు" అన్నారొకరు. రాని పిల్లాణ్ని అడిగితే చెప్పాడు: "ఆదివారం ప్యాకింగ్ పనికి పోతే కూలి వస్తది సార్. ఇక్కడికొస్తే ఆటో పైసలు పోతయ్."

బయట ఈ పనికి డబ్బు ఇస్తున్నారు. గూగుల్ 2019లో సీజన్ ఆఫ్ డాక్స్ పెట్టి డాక్యుమెంటేషన్ రాసేవాళ్లకు చెల్లించింది. వివక్ష ఎదుర్కొనేవాళ్ల కోసం నడిచే అవుట్‌రీచీ ఒక్కో ఇంటర్న్‌కు 7,000 డాలర్లిస్తుంది. డాక్యుమెంటేషన్ పనులూ అందులో ఉంటాయి. కేంద్ర నిధులతో నడిచిన ఐఐటీ బాంబే స్పోకెన్ ట్యుటోరియల్‌లో ఇంకో మంచి పద్ధతి ఉంది. పాఠం రికార్డు చేసేముందు ఆ సాఫ్ట్‌వేర్ తెలియనివాళ్లకు ఇచ్చి చూపిస్తారు. వాళ్లు ఎక్కడ ఆగితే అక్కడ పాఠం సరిచేస్తారు.

ఈ పద్ధతి మేం తీసుకున్నాం. కొందరు మిత్రుల చందాలతో రాసేవాళ్లకు గంటకింత, చదివి "అర్థం కాలేదు" అని చెప్పేవాళ్లకూ అంతే. ఆటో, భోజనం వేరే. ఒక పేజీలో "ఫైలు సేవ్ చేయండి" అని ఉంది. చదివిన అమ్మాయి అడిగింది: "ఏడ సేవ్ చెయ్యాలె? నెట్ సెంటర్ల ఆ కంప్యూటర్ రేపు నాకు దొరకదు కదా." సొంత ల్యాప్‌టాప్ ఉన్నవాళ్లకు ఎన్నటికీ తట్టని ప్రశ్న అది. పెన్‌డ్రైవ్ మీద ఒక అధ్యాయమే చేరింది. ఇది దానం కాదు, ఆమె చేసిన పనికి కూలి.

ఉద్యోగాల్లో ఉన్న మిత్రులారా, నెలకు ఒక పూట జీతం ఇవ్వండి. ప్రతి రూపాయి లెక్కా ఇక్కడే పెడతాం. విద్యార్థులారా, మీకు కంప్యూటర్ రాదని సిగ్గుపడకండి. మాకు ఇప్పుడు కావలసింది మీరే.

జై భీమ్.