గాలి రావట్లేదా, చల్లగా రావట్లేదా?

విజయవాడలోని ఒక ఊపిరితిత్తుల డాక్టరు గారి దగ్గరికి దగ్గుతో వచ్చేవాళ్లలో క్యాబ్ డ్రైవర్లు ఎక్కువే. సిగరెట్ అలవాటుందా, ఇంట్లో ఎవరికైనా ఉబ్బసం ఉందా అని అందరినీ అడిగినట్టే వాళ్లనీ అడుగుతారు. ఆ తర్వాత వాళ్లు ఊహించని ప్రశ్న ఒకటి వేస్తారు. "మీ కారులో ఏసీ గాలి ఎలా వస్తోంది?"

ఆయనకు ఈ ప్రశ్న అలవాటైంది ఒక డ్రైవరు వల్ల. నలభై దాటిన మనిషి, హైదరాబాద్ హైవే మీద బండి నడుపుతాడు. నెలల తరబడి పొడిదగ్గు. యాంటీబయాటిక్స్ వాడి వాడి విసిగిపోయాడు. ఎక్స్‌రేలో ఏమీ లేదు, కళ్లె పరీక్షలో టీబీ లేదు. గొట్టంలోకి బలంగా ఊదించే స్పైరోమెట్రీలో మాత్రం శ్వాసనాళాలు కాస్త బిగుసుకున్నట్టు కనిపించింది. మందు పీల్పించి మళ్లీ ఊదిస్తే తేడా తెలిసింది. ఉబ్బసమే. కానీ చిన్నప్పుడు లేనిది ఇప్పుడెందుకు మొదలైంది?

డాక్టరు గారు పీక్‌ఫ్లో మీటరు చేతికిచ్చి, పొద్దున్నా సాయంత్రం ఊది అంకెలు నోటుబుక్కులో రాసుకురమ్మన్నారు. పనిచేసే చోటేదో ఊపిరితిత్తులకు పడటం లేదని అనుమానం వస్తే వైద్యులు ఇలాగే చేస్తారు. నోటుబుక్కు తిరిగొచ్చాక సంగతి తేటతెల్లమైంది. బండెక్కిన రోజుల్లో సాయంత్రానికి అంకె పడిపోతోంది. సొంతూరు వెళ్లిన రోజుల్లో నిలకడగా ఉంది.

"కారులో వాసనేమైనా వస్తోందా?"

"ఏసీ వెయ్యగానే తడిగుడ్డ వాసనండీ. అందుకే సెంటు సీసా తగిలించాను. గాలి కూడా సరిగా రావట్లేదు సార్. గ్యాస్ కొట్టించాను, అయినా అంతే."

"గాలి రావట్లేదా, చల్లగా రావట్లేదా?"

డ్రైవరు కాసేపు ఆలోచించాడు. "వచ్చే గాలి చల్లగానే ఉంటోందండీ. రావడమే తక్కువ."

ఈ రెండింటికీ ఉన్న తేడా తెలియక కారు యజమానులు ఏటా వృథాగా డబ్బు పోగొట్టుకుంటున్నారు. గాలిని తోసేది డ్యాష్‌బోర్డు వెనకున్న బ్లోయర్. దాన్ని చల్లబరిచేది కూలింగ్ కాయిల్, అందులో తిరిగే గ్యాస్. గ్యాస్ తగ్గితే వెచ్చటి గాలి వస్తుంది కానీ, గాలి జోరు సాధారణంగా తగ్గదు. జోరే తగ్గిందంటే దారిలో ఎక్కడో అడ్డు ఉండాలి, లేదా బ్లోయరే నీరసించి ఉండాలి.

డాక్టరు గారి మాట మీద డ్రైవరు బండిని తీసుకెళ్తే, ఆటోనగర్ మెకానిక్ ముందుగా బ్లోయర్‌ను ఒకటి నుంచి నాలుగు వరకు తిప్పి చూశాడు. నాలుగో నంబరు మీదే తిరిగి, మిగతావాటి మీద ఊరుకుంటే రెసిస్టర్ పోయినట్టు. ఇక్కడ అన్నీ తిరుగుతున్నాయి, మోత కూడా బాగానే ఉంది. గాలిని ముఖానికి, కాళ్లకు, అద్దానికి మార్చి చూశాడు. లోపలి తలుపులు కదులుతున్నాయి. అప్పుడు గ్లోవ్‌బాక్స్ కిందికి దించి క్యాబిన్ ఫిల్టర్ బయటికి లాగాడు. తెల్లగా ఉండాల్సిన మడతలు బొగ్గురంగుకు తిరిగాయి. వాటి మధ్య వేపాకులు, వెంట్రుకలు, ఎలుక పెంటికలు, మెత్తగా నుసిలా పేరుకున్న దుమ్ము. ఫిల్టర్ లేకుండా ఒక్క నిమిషం బ్లోయర్ వేస్తే, అంతవరకూ నీరసంగా ఉన్న గాలి ఒక్కసారిగా ముఖానికి కొట్టింది. తప్పెక్కడుందో చెప్పడానికి అంతకన్నా సులువైన పరీక్ష లేదు.

ఫిల్టర్ వెనకున్న కాయిల్ ఏసీ నడిచినంతసేపూ తడిగానే ఉంటుంది. గాలిలోని తేమ దాని మీద నీరుగా మారి కిందికి కారుతుంది. ఆ తడికి దుమ్ము తోడైతే ఆస్పర్‌జిల్లస్, క్లాడోస్పోరియం, పెనిసిలియం లాంటి బూజులు పెరుగుతాయి. ఏసీ వేసిన మొదటి నిమిషాల్లో వచ్చే ముక్కవాసన వాటిదే. ఉబ్బసం ఉన్నవాళ్లకు ఆ బూజు రేణువులు చాలు, దగ్గు లేవడానికి. వాసన కప్పిపుచ్చడానికి తగిలించిన సెంటు ఆ దగ్గును ఇంకా ఎగదోస్తుంది.

కొత్త ఫిల్టర్ వేసి, కాయిల్‌ను నురుగు మందుతో కడిగించి, సెంటు సీసా తీసేయించారు. ఇన్‌హేలర్ మాత్రం ఆపలేదు. నెలన్నర తర్వాత సాయంత్రం అంకెలు పొద్దుటి అంకెల దరిదాపుల్లోకి వచ్చాయి. ఉబ్బసం పోయిందని డాక్టరు గారు అనరు. దాన్ని రోజూ రెచ్చగొడుతున్నది పోయిందంటారు.

ఒక టీచరమ్మది ఇంకో కథ. కారెక్కిన ఐదు నిమిషాలూ తుమ్ములే. ఫిల్టర్ శుభ్రంగానే ఉంది. ముందుసీటు కింద కార్పెట్ మాత్రం చెమ్మగా తగిలింది. కాయిల్ నీరు బయటికి పోయే సన్నటి గొట్టం మట్టితో పూడుకుపోయి, నీళ్లన్నీ లోపలికే కారుతున్నాయి. ఉక్కపోత రోజున ఏసీ వేసి కాసేపు నిలిపిన కారు కింద నీటిబొట్లు పడకపోతే ఈ గొట్టాన్ని అనుమానించాలి.

తిరుపతి వెళ్లొచ్చిన ఒక కుటుంబం పిల్లాడి తలనొప్పి, వాంతులతో వచ్చింది. గంటసేపు బాగా వచ్చిన గాలి క్రమంగా సన్నగిల్లిందని, టీకి ఆగి బయల్దేరితే మళ్లీ బాగుందని తండ్రి చెప్పాడు. అది కాయిల్ మీద మంచు గడ్డకట్టిన లక్షణం. కంప్రెసర్‌ను సమయానికి ఆపాల్సిన సెన్సర్ పనిచేయకపోయినా, గ్యాస్ తగ్గినా కాయిల్ రెక్కల మధ్య మంచు పేరుకుని దారి మూసుకుపోతుంది. జోరు తగ్గిన కేసుల్లో గ్యాస్ చూడాల్సింది ఇలాంటప్పుడే. పైగా వాళ్లు దారంతా లోపలి గాలినే తిప్పే బటన్ నొక్కి ఉంచారు. బయటి గాలిలో కార్బన్ డయాక్సైడ్ 420 పీపీఎం దగ్గర ఉంటే, ఐదుగురు కూర్చున్న మూసిన కారులో అది వేలల్లోకి ఎగబాకుతుంది. తల బరువెక్కుతుంది, డ్రైవరుకు మగత కమ్ముతుంది. అరగంటకోసారి కాసేపు బయటి గాలి రానివ్వమని డాక్టరు గారు చెప్పి పంపారు.

ఫిల్టర్ ఖరీదు చాలా కార్లకు కొన్ని వందల రూపాయలే. ఏడాదికోసారి, దుమ్ము దారుల్లో తిరిగే బండికైతే ఇంకా ముందే మార్చాలి. కానీ క్యాబ్ డ్రైవర్లలో చాలామందికి బండి సొంతం కాదు, సర్వీసు ఖర్చు యజమాని చేతిలో ఉంటుంది. అందుకే డాక్టరు గారు ఇప్పుడు చీటీలో మందుల కింద "క్యాబిన్ ఫిల్టర్ మార్చాలి, కాయిల్ కడిగించాలి" అని తెలుగులోనే రాసి సంతకం పెడుతున్నారు. అది చూసి మార్పించే యజమానులున్నారు, అద్దాలు దించుకుని నడుపుకోమనేవాళ్లూ ఉన్నారు. అలాంటివాళ్ల దగ్గర పనిచేసే డ్రైవర్లకు ఆయన ఎన్95 మాస్కు పెట్టుకోమని, లారీల వెనక వెళ్లేటప్పుడు అద్దాలు మూసుకోమని చెప్పి, పీక్‌ఫ్లో నోటుబుక్కుతో మళ్లీ నెలకు రమ్మంటున్నారు.