జగ్గయ్యపేట నుండి నందిగామ దాకా ఒక పాత జీపు చప్పుడు వింటూ

జగ్గయ్యపేట, నందిగామ ప్రాంతాలను పాత కృష్ణా జిల్లాలో మెట్ట సీమ అంటారు. 2022లో జిల్లాల విభజనతో ఇవి ఎన్‌టిఆర్ జిల్లాలో చేరాయి గాని నేల మాత్రం మారలేదు. పత్తి, మిరప పండే నల్లరేగడి, సున్నపురాతి నిక్షేపాలు, ఆ రాతిని నమ్ముకుని వెలసిన సిమెంటు కర్మాగారాలు ఈ సీమ ఆనవాళ్ళు. గట్టి వాన పడితే రేగడి బాటల్లో ఎడ్లబండి చక్రం కూడా కూరుకుపోతుంది. అందుకే నాలుగు చక్రాలతోనూ లాగే పాత మహీంద్రా జీపులు ఇక్కడి పల్లెలలో ఇంకా కనిపిస్తాయి.

ఈ జీపు వంశచరిత్రలో మన పాఠకులకు ఆసక్తి కలిగించే విషయం ఒకటి ఉంది. 1945లో లూథియానాలో ఉక్కు వ్యాపారంతో మొదలైన ఆ సంస్థ తొలి పేరు ‘మహీంద్రా అండ్ మహమ్మద్’. మహీంద్రా సోదరులతో భాగస్వామిగా చేరిన మలిక్ గులాం మహమ్మద్ దేశ విభజన తరువాత పాకిస్తాన్ వెళ్ళి ఆ దేశపు తొలి ఆర్థికమంత్రి, అనంతరం గవర్నర్ జనరల్ అయ్యారు. 1948లో సంస్థ పేరు ‘మహీంద్రా అండ్ మహీంద్రా’గా మారింది. బొంబాయిలో విల్లీస్ జీపుల కూర్పును కూడా ఆ సంస్థ చేపట్టింది.

నేను చెప్పబోయేది ఎంఎం 540 రకం జీపు. ఫ్రెంచి ప్యూజో సంస్థ రూపొందించిన నాలుగు సిలిండర్ల డీజిల్ ఇంజిను దానిది. మా మద్రసాలో చదివే ఒక బాలుని తండ్రి దానితోనే ఇల్లు గడుపుతాడు. ఎరువులు, మిరప బస్తాలు చేరవేస్తాడు. అర్ధరాత్రి ఎవరికైనా నొప్పులు వస్తే ఆసుపత్రికి తీసుకుపోతాడు. ఇంజినులో ‘టక్ టక్’ మని శబ్దం మొదలైంది. చూసిన మొదటి మెకానిక్ రాడ్ బేరింగు పోయిందనీ, ఇంజిను దింపాల్సిందేననీ తేల్చాడు. ఆ ఖర్చుకు చేతిలో డబ్బు లేదు. ఫైనాన్సు వ్యాపారి ఇస్తానన్నాడు, వడ్డీకి.

అతడు నా వద్దకు వచ్చింది జీపు గురించి అడగడానికి కాదు. “హజ్రత్, గత్యంతరం లేనప్పుడు వడ్డీ అప్పు తీసుకోవచ్చునా?” అని అడిగాడు. జరూరత్ అనే మాటను మన ఫిఖహ్ పండితులు ఎంతో జాగ్రత్తగా కొలుస్తారు. అది అనుమానం మీద నిలిచేది కాదు. “ముందు గత్యంతరం లేదో ఉందో తేల్చుకుందాం. ఇంజిను దింపాలని చెప్పిన మనిషి విప్పి చూశాడా?” అన్నాను. చూడలేదు, విని చెప్పాడంతే. నందిగామలో ఒక వృద్ధ మిస్త్రీ ఉన్నాడని తెలిసి ఇద్దరం బయలుదేరాం.

బేరింగు నిజంగా పోయి ఉంటే బండి నడపడం ప్రమాదం. అందుకే మిస్త్రీ ఫోనులో చెప్పినట్లు ముందుగా ఆయిలు కడ్డీ తీసి తెల్లని గుడ్డ మీద తుడిచి ఎండలో చూశాం. మెరిసే లోహపు రజను కనబడలేదు. వేడెక్కిన తరువాత కూడా ఆయిలు ప్రెషరు ముల్లు పడిపోలేదు. అప్పుడే బిస్మిల్లాహ్ అని కదిలాం. చిల్లకల్లు వద్ద 65వ జాతీయ రహదారి ఎక్కి, సిమెంటు లారీలకు దారి ఇస్తూ నెమ్మదిగా సాగాం. చల్లని ఇంజినులో వినిపించి వేడెక్కగానే తగ్గితే అది పిస్టనుది కావచ్చునట. ఇది తగ్గలేదు. నవాబుపేట దాటాక ఎక్సిలేటరు గట్టిగా తొక్కినప్పుడల్లా శబ్దం పెరిగి, వెనుక నల్లని పొగ వచ్చింది. ఆ పొగ సంగతి మొదటి మెకానిక్‌కు ఎవరూ చెప్పలేదు, అతడూ అడగలేదు.

నందిగామ మిస్త్రీ మొదట పానా పట్టుకోలేదు, ప్రశ్నలు వేశాడు. 2023 జూలైలో మున్నేరు పొంగి ఐతవరం వద్ద రహదారి మునిగినప్పుడు ఈ బండి నీటిలో దిగిందా? దిగలేదు. గాలి గొట్టం ద్వారా ఇంజిను నీరు పీల్చుకుంటే రాడ్ వంగిపోయి కూడా ఇలాగే కొట్టుకుంటుందట. తరువాత ఫ్యానుబెల్టు తీసి క్షణకాలం నడిపాడు. శబ్దం పోలేదు కనుక వాటరుపంపు, డైనమోలది తప్పు కాదు. క్లచ్ నొక్కినా తేడా లేదు. పొడవాటి స్క్రూడ్రైవరు మొనను ఇంజిను మీద ఆనించి, పిడిని చెవి దగ్గరి ఎముకకు తాకించి, కళ్ళు మూసుకున్నాడు.

తజ్వీద్ చెప్పే ఉస్తాదులు కూడా అలాగే కళ్ళు మూసుకుని వింటారు. పఠనంలోని దోషాలను మేము రెండుగా బోధిస్తాం: ఎవరికైనా తెలిసే లహ్నె జలీ, నేర్చిన చెవికే అందే లహ్నె ఖఫీ. ‘జాద్’ పలుకు చెడితే తప్పు నాలుక పక్కదా, కొనదా అన్నది చెప్పగలిగినవాడే దిద్దగలడు. తప్పు ఉందని చెప్పడం సులభమే.

మిస్త్రీ ఒక్కొక్క నాజిలుకు వచ్చే డీజిల్ పైపు నట్టు కొద్దిగా వదులు చేశాడు. (ఆ పైపులోని ఒత్తిడికి డీజిల్ చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోగలదు. ఇంట్లో ఎవరూ ప్రయత్నించరాదు.) మూడవదాని దగ్గర శబ్దం ఆగిపోయింది. జీపు యజమాని ముఖం వికసించింది గాని మిస్త్రీ తల అడ్డంగా ఊపాడు. “తొందరపడకు భాయ్. ఇది నాజిలైనా ఆగుతుంది, బేరింగైనా తగ్గుతుంది. లోపల మంట లేకపోతే బేరింగు మీద దెబ్బ ఎక్కడిది?” అని, మూడవ నాజిలును ఒకటవ చోట, ఒకటవదాన్ని మూడవ చోట బిగించాడు. శబ్దం నాజిలుతో పాటు వెళితే దోషం నాజిలుది. మూడవ సిలిండరులోనే ఉండిపోతే ఇంజిను దింపవలసిందే.

సెల్ఫ్ కొట్టే ముందు యజమాని పెదవులు కదలడం చూశాను. ఇంజిను మొదలైంది. స్క్రూడ్రైవరు మొనను మూడవ సిలిండరు మీద, ఆ తరువాత ఒకటవదాని మీద ఉంచి విని, పిడిని యజమాని చెవికి అందించాడు. శబ్దం ఒకటవ సిలిండరుకు మారిపోయింది.

పక్కనే డీజిల్ పంపుల దుకాణంలో పరీక్షకు పెడితే ఆ నాజిలు సన్నని తుంపరగా చిమ్మక బొట్లుబొట్లుగా కారింది. అలా కారిన డీజిల్ సరిగా కలవక ఒక్కసారిగా అంటుకుని సుత్తి దెబ్బలా మోగుతుంది, మిగిలింది నల్లపొగ అవుతుంది. కొత్త నాజిలు, కొత్త రాగి వాషర్లు వేశారు. యజమాని జేబులో ఉన్న డబ్బు దానికి సరిపోయింది. ఫైనాన్సు వ్యాపారికి అక్కడి నుండే ఫోను చేసి వద్దని చెప్పాడు.

అసర్ నమాజు నందిగామలోనే చేసి తిరిగి వచ్చాం. నవాబుపేట దగ్గర యజమాని మళ్ళీ చెవి రిక్కించి, “ఇంకేదో సన్నగా టిక్ టిక్ మంటోంది హజ్రత్” అన్నాడు. అది ట్యాపెట్లదనీ, వచ్చే నెల తీసుకురమ్మనీ, అప్పటిదాకా ఆయిలు మాత్రం తక్కువ కానివ్వవద్దనీ మిస్త్రీ ముందే చెప్పి పంపాడు.