బేబీ హిందుస్తాన్ మూతి

పదో తరగతి దాకా నాది ఉర్దూ మీడియం. తర్వాత తెలుగు డిగ్రీ. ఈ రెండు జుబానులూ ఒకే బెంచీ మీద కూర్చుని చాయ్ తాగే చోటు నాకు కాలేజీలో దొరకలేదు, విజయవాడ ఆటోనగర్‌లో మా మామూ షెడ్డులో దొరికింది. గిరాకీ వచ్చి 'రేకు' అంటాడు. మామూ 'చాదర్' అంటాడు. తెలుగులో రేకంటే పువ్వుది కూడా. మనకి చాదరంటే కప్పుకునేది కూడా. రెండు ఇనప ముక్కల్ని గ్యాస్ వెల్డింగుతో అక్కడక్కడా చుక్కలుగా అతికిస్తే దాని పేరు 'టాంకా', అంటే కుట్టు. మా నానా దర్జీ. కొడుకు కూడా దర్జీయేనని, కాకపోతే ఇనుము కుడతాడని నానీ అనేది.

మామూకి ఇప్పుడు డెబ్బై దగ్గర. రెండు కళ్లలోనూ మోతియాబింద్. ఆపరేషన్ చేయించుకుంటే కొన్నాళ్లు గ్యాస్ మంట దగ్గరికి పోకూడదన్నాడు కళ్ల డాక్టర్. "ఐతే ఈ కారు అయ్యాకనే" అన్నాడు మామూ. ముమానీ రెండు రోజులు ఆయనతో మాట్లాడలేదు.

ఆ కారు గుడివాడ వైపు నుంచి ఒక రిటైర్డ్ డాక్టర్ సాబ్ లారీ మీద వేసుకొచ్చింది. బేబీ హిందుస్తాన్. మీలో చాలామందికి అంబాసిడర్ తెలుసు గానీ దీని పేరు తెలియకపోవచ్చు. అంబాసిడర్ కంటే ముందు హిందుస్తాన్ మోటార్స్ కంపెనీ ఇంగ్లాండు మోరిస్ మైనర్‌ని ఈ పేరుతో అమ్మింది. గుండ్రంగా, తాబేలుపిల్లలా ఉంటుంది. డాక్టర్ సాబ్ తండ్రి కొన్న బండి. వెనక సగం బాగానే ఉంది. ముందు సగమే లేదు. బానెట్ లేదు, కుడి మడ్‌గార్డు లేదు, జాలీ బిగించే ముందు రేకు తుప్పు తినేసింది. ఎడమ మడ్‌గార్డు ఉంది గానీ, మామూ దాని మీద అయస్కాంతం పెడితే జారి కింద పడింది. లోపల అంతా లప్పం. ఎవరో మహానుభావుడు అర అంగుళం మందాన మెత్తి, రంగు కొట్టి ఇచ్చాడు.

డాక్టర్ సాబ్ కొడుకు, హైదరాబాద్‌లో ఉద్యోగం, ఫైబర్‌తో అచ్చు పోసి మూతి మొత్తం పెట్టేద్దామన్నాడు. సగం ఖర్చు, తుప్పు పట్టదు. అబద్ధం కాదు, ఫైబర్‌తో మంచి పని చేసేవాళ్లు ఉన్నారు. మామూ వాదించలేదు. వెనక మడ్‌గార్డు మీద గోటితో టంగుమని కొట్టి వినిపించాడు. పక్కనే ఉన్న ఫైబర్ ముక్కని కొట్టాడు. "ఏది కావాలో సాబ్ గారు చెప్పాల" అన్నాడు. డాక్టర్ సాబ్ జేబులోంచి ఒక పాత ఫోటో తీసి ఇచ్చాడు. కారు ముందు వాళ్లమ్మ నిలబడి ఉంది. ఆమె చీర కుచ్చిళ్ల వెనక కుడి మడ్‌గార్డు కనబడటం లేదు.

అంటే కుడివైపుకి నమూనా లేదు. ఉన్నదల్లా ఆ లప్పం ఎడమది.

ముందు దాన్ని విప్పారు. మైనర్‌కి ముందు మడ్‌గార్డులు బోల్టులతో బిగించి ఉంటాయి కాబట్టి అది సులువైంది. లప్పం అంతా గీకి, కుళ్లిన చోట కోసి కొత్త ముక్కలు టాంకా వేసి, ముందు ఎడమదాన్ని మనిషిని చేశాడు. తర్వాత దాని మీద న్యూస్ పేపర్ పరిచి, మడతలు పడ్డ చోట కత్తిరించి, నాప్ తీశాడు. ఆ కాగితాన్ని తిరగేస్తే కుడివైపు కటింగు. (అది మా పత్రికే. నా వార్త ఒకటి కుడి మడ్‌గార్డుకి పనికొచ్చింది.) కాగితం కొలత ఇస్తుంది గానీ గోలాయి ఇవ్వదు. అందుకని నాలుగేసి అంగుళాలకి ఒక అట్ట ముక్క చొప్పున ఎడమదాని వంపుకి సరిపోయేలా కోసి, వాటినీ తిరగేసి, ఆ వంపులకి ఆరు ఎంఎం చువ్వలు వంచి, కారు ముందు ఒక తీగ పంజరం కట్టాడు. వారం రోజులు ఆ కారు దేవుడి ఊరేగింపు బొమ్మకి కట్టిన వెదురు చట్రంలా ఉంది.

అప్పుడు చాదర్. 20 గేజు, మందం మిల్లీమీటరుకి కొంచెం తక్కువ. ఇసుక సంచి మీద పెట్టి చెక్క సుత్తితో గుంట చేయడం, పంజరం మీద పెట్టి చూడటం, మళ్లీ సంచి. కొట్టిన చోట ఇనుము పలచబడి సాగుతుంది. ఎక్కువ సాగితే డబ్బా మూతలా లోపలికీ బయటికీ ఎగురుతుంది. దీన్ని మామూ 'ఝోల్' అంటాడు. రూపాయి బిళ్లంత చోట ఎర్రగా కాల్చి, కింద డాలీ పట్టి చుట్టూ మెల్లగా తట్టి, తడి గుడ్డ పెడతాడు. చర్రుమని అక్కడ ఇనుము దగ్గరికి ముడుచుకుంటుంది. హెడ్‌లైటు చుట్టూ ఉండే గిన్నె వంపే అన్నిటికంటే మొండిది. అది ఒక్క ముక్కలో రాలేదు. రవిక కుట్టినట్టు మూడు ముక్కలు కోసి కుట్టాడు.

కళ్లు కనబడని మనిషికి ఇదంతా ఎలా కుదురుతుందని మీరడగొచ్చు. అరచేతికి పాత నూలు గుడ్డ చుట్టుకుని, చాదర్ మీద ఒక్క దిక్కుకి దువ్వినట్టు తీసుకుపోతాడు. "యహా ఏక్ బాల్ ఊంచా హై" అంటాడు, ఇక్కడ వెంట్రుకంత ఎత్తుందని. షాగిర్ద్ కిరోసిన్ గుడ్డతో తుడిచి ఎండలో వాలుగా చూస్తే, మెరుపు సరిగ్గా అక్కడే వంకర పోతుంది. ఆ షాగిర్ద్ ఒక్కడే మిగిలాడు. మామూ పెద్ద కొడుకు దోహాలో ఇదే పని చేస్తాడు గానీ, అక్కడ సొట్ట పడితే కొత్త పార్టు తెచ్చి బిగించడమే. వాడి చేతికి సుత్తి తగిలి ఏళ్లయింది.

బానెట్ దగ్గర పని ఆగింది. ఫోటోలో నడిమధ్యలో పైనుంచి కిందికి ఒక బల్లపరుపు పట్టీ ఉంది. గుండ్రటి కారుకి ఈ చదును పట్టీ ఎందుకో మామూకి అంతుపట్టలేదు. అర్థం కాని గీత గీయనంటాడు. ఆ రాత్రి కూర్చుని చదివి, పొద్దున్నే నేను చెప్పాను. ఈ కారు గీసినాయన అలెక్ ఇస్సిగోనిస్, 1906లో ఉస్మానియా సల్తనత్‌లోని స్మిర్నాలో, ఇప్పటి తుర్కీ ఇజ్మీర్‌లో, పుట్టాడు. నమూనా బండి తయారయ్యాక సన్నగా ఉందనిపించి, దాన్ని నిలువునా రెండుగా కోయించి, ఒకదానికొకటి దూరంగా జరిపించి, కళ్లకి నచ్చిన చోట ఆపాడు. నాలుగంగుళాలు. 1948లో కారు బయటికొచ్చింది. బానెట్ మధ్యలో ఆ నాలుగంగుళాల పట్టీ అలాగే ఉండిపోయింది. అప్పటికే చేయించి పెట్టిన బంపర్లని కూడా మధ్యలో కోసి ముక్క కలిపారు.

మామూ సుత్తి కింద పెట్టాడు. "అంత పెద్ద కంపెనీలో జోడ్ పెట్టారా?" అని మూడుసార్లు అడిగాడు. తర్వాత నవ్వడం మొదలెట్టి దగ్గొచ్చేదాకా నవ్వాడు. "ఐతే వాడూ టింకరేరా బేటా!"

ఆయన అంతగా ఎందుకు నవ్వాడో మా ఖాందాన్ వాళ్లకి తెలుస్తుంది. రిష్తా మాటలొచ్చినప్పుడల్లా ఇంట్లో మామూ పనిని 'ఆటో లైన్ బిజినెస్' అనేవాళ్లు. ఆయన రెండో కూతుర్ని చూడటానికొచ్చినవాళ్లు గల్లీ మలుపులో 'టింకరోళ్ల ఇల్లా' అని అనుకోవడం ఆయన చెవిన పడింది. పంక్చర్ షాపు పేరు పెట్టి మనల్ని వెక్కిరించే మాట ఇప్పుడు ఫోన్లలో రోజూ తిరుగుతోంది. మామూకి ఫోన్ చూడటం రాదు, అదొక నయం.

పట్టీ సరిగ్గా నాలుగంగుళాలు పెట్టాడు. కుడి ఎడమల మధ్య తేడా చూద్దామని నేను టేపు పట్టాను. హెడ్‌లైటు అంచు నుంచి తలుపు దాకా రెండు నూళ్ల తేడా వచ్చింది. మామూకి చెప్పాను. ఫోటోలో ఆ అమ్మ కొంచెం పక్కకి జరిగి నిలబడి ఉంటే ఆ తేడా కూడా ఉండేది కాదన్నాడు.

రంగు గుడివాడలోనే వేయించుకుంటారట. బూడిదరంగు ప్రైమర్ మీదే కారు లారీ ఎక్కింది. డాక్టర్ సాబ్ డబ్బులిచ్చి, కుడి మడ్‌గార్డు మీద చెయ్యి పెట్టి కాసేపు నిలబడ్డాడు. వెళ్లేముందు గోటితో ఒకసారి కొట్టి విన్నాడు.

తీగ పంజరం షెడ్డులోనే వేలాడుతోంది. కబాడీవాడు కిలో లెక్కన అడిగితే మామూ వద్దన్నాడు. ఆపరేషన్ వచ్చే జుమేరాత్. ముమానీ అప్పుడే సాలన్‌లో కారం తగ్గించేసింది, దానికి కళ్లకీ ఏం సంబంధమని ఆయన గొడవ పడుతున్నాడు.