తాతయ్య గడియారం

వాషింగ్టన్‌లో ఏడాది ఉండి, డిసెంబర్‌లో ఇద్దరు పిల్లలతో విజయవాడలో నాన్న దగ్గరికి వచ్చాను. కాలంలో తేడా పదిన్నర గంటలు. తొలిరాత్రి 2 గంటలకే వాళ్లు లేచి ఆకలన్నారు. అక్కడప్పుడు మధ్యాహ్నం మూడున్నర మరి!

ఒంట్లోని గడియారం రోజుకు సుమారు గంట చొప్పునే సర్దుకుంటుంది. తూర్పు దిక్కు ప్రయాణమైతే మరీ కష్టం. దాన్ని ప్రధానంగా తిప్పేది వెలుతురే. అందుకే పగలు ఎండలో ఆడించాను, మధ్యాహ్నం గంటకు మించి పడుకోనివ్వలేదు, రాత్రి లైట్లు వేయనివ్వలేదు.

అమ్మ పోయాక నిద్ర పట్టని నాన్న మాత్రం అర్ధరాత్రి వాళ్లకు పెరుగన్నం కలిపి పెడుతూ కథలు చెప్పేవారు. అలవాటు చెడగొడుతున్నారని విసుక్కున్నాను.

ఎనిమిదో రాత్రి పిల్లలు కదల్లేదు. గెలిచాననుకుంటూ మంచినీళ్లకు లేచాను. వంటింట్లో నాన్న ఒక్కరే కూర్చున్నారు.

"పిల్లలింకా లేవలేదేంటమ్మా?" అన్నారు.