సమాధి రాయి చెప్పిన మాట

థాడియస్ స్టీవెన్స్ గురించి చదివినప్పుడల్లా నా మనసు ఆయన సమాధి దగ్గరే ఆగిపోతుంది. 1792లో అమెరికాలోని వెర్మాంట్‌లో, ఓ పేదింట, వంకర పాదంతో పుట్టాడు. వకీలుగా పేరు తెచ్చుకున్నాడు. 1835లో పెన్సిల్వేనియా శాసనసభలో ఉచిత బడుల చట్టం రద్దు కాబోతుంటే, తన ప్రసంగంతో దాన్ని కాపాడాడు. తర్వాత అమెరికన్ కాంగ్రెస్‌లో బానిసత్వం మీద పోరాడాడు. చట్టం ముందు అందరికీ సమాన రక్షణనిచ్చే రాజ్యాంగ 14వ సవరణ కోసం పాటుపడ్డాడు.

1868 ఆగస్టులో కన్నుమూశాడు. నల్లజాతివారిని రానివ్వని శ్మశానాలు వద్దనుకుని, పెన్సిల్వేనియాలోని లాంకాస్టర్‌లో అందరికీ చోటిచ్చే ఓ చిన్న శ్మశానాన్ని ముందే ఎంచుకున్నాడు. ఆ కారణమే ఆయన సమాధి రాతి మీద చెక్కి ఉంది.

సమానత్వం గురించి మాట్లాడేవాళ్లు ఎందరో. మట్టిలో ఎవరి పక్కన నిద్రించాలో కూడా ఆ మాట ప్రకారమే తేల్చుకున్నాడీయన. మాటకు కట్టుబడటమంటే ఇదే.